జవాను చేతికి చేరేదాకా

కల్లూరు పేరుకు మండలమే గానీ ఊరు ఎప్పుడో కర్నూలులో కలిసిపోయింది. పక్క మండలం ఓర్వకల్లు. అక్కడ పాలకొలను దగ్గర డీఆర్‌డీఓ వారి నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న హైదరాబాద్‌లోని చెస్ లేబొరేటరీ వాళ్ళు అక్కడ లేజర్ ఆయుధంతో డ్రోన్లను దెబ్బతీసి చూపించారు. అదే ఏడాది జూలైలో డ్రోన్ మీద నుంచి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణిని పరీక్షించారు. పరీక్ష నాడు ప్రకటన వస్తుంది, ఫొటో వస్తుంది. ఆ తర్వాత ఆ వస్తువు సైన్యం చేతికి చేరేదాకా సాగే పనిని గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. ఆ పని ఎవరు నడపాలి, ఎట్లా నడపాలి అన్నదే ఈ సంవాదం.

మాట్లాడే ఇద్దరూ నా కల్పన. చిన్నాయన హైదరాబాద్‌లో క్షిపణి విడిభాగాల నాణ్యత తనిఖీ చేసి, రిటైరై, కల్లూరులో ఇల్లు కట్టుకున్నవాడు. అన్న కూతురు హైదరాబాద్‌లోనే ఒక కన్సల్టింగ్ కంపెనీలో రక్షణ, భద్రతా రంగాల క్లయింట్లకు ప్రాజెక్టులు నడుపుతుంది. వాళ్ళు చెప్పే తేదీలు, సంఘటనలు మాత్రం కల్పన కాదు.

చిన్నాయన: నీ కార్డు మీద డెలివరీ హెడ్ అని ఉండాది. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ పేరుతో ఒక కుర్చీ చూడలా. ప్రాజెక్టు డైరెక్టర్ ఉండె, డిజైనర్ ఉండె, తనిఖీకి మేముంటిమి. నువ్వు వస్తువు తయారు చేయవు, తనిఖీ చేయవు, వాడవు. మరి మధ్యలో నీ పనేంది పాపా?

అమ్మాయి: ఆ ముగ్గురి మధ్య మాట ఆగిపోకుండా చూడటం చిన్నాయనా. జూలైలో మన పక్కన పరీక్షించిన క్షిపణినే తీసుకో. నేను దాంట్లో లేను, పేపర్లో వచ్చిందే చెప్తున్నా. రూపకల్పన డీఆర్‌డీఓది. తయారీ భాగస్వాములు బీడీఎల్, అదానీ డిఫెన్స్. మోసిన డ్రోన్ బెంగళూరు స్టార్టప్ న్యూస్పేస్ రీసెర్చ్ వాళ్ళది. వీళ్ళు కాక ఇంకా 30 చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు. అటువంటి పనిలో ఒకరి సర్క్యూట్ బోర్డు మూడు వారాలు ఆలస్యమైతే, ఆ సంగతి మిగతావాళ్ళకు మొదటి రోజే తెలుస్తుందా, ఇరవయ్యో రోజున తెలుస్తుందా? మొదటి రోజే తెలిసేట్టు చేయడానికి ఒక మనిషి కావాలి.

చిన్నాయన: ఆ మనిషి మాకూ ఉండె. కలాం గారు. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమానికి 388 కోట్లు మంజూరైనప్పుడు ఐదు క్షిపణులు ఒకేసారి ఎత్తుకున్నారు. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న ఎగిరింది. అగ్ని 1989 మే 22న ఎగిరింది. ల్యాబులు, ఫ్యాక్టరీలు, యూనివర్సిటీలు అన్నింటినీ కూర్చోబెట్టి నడిపించినాడు. కన్సల్టెంటును పిలవలా.

అమ్మాయి: పృథ్వి, అగ్ని చెప్పి ఆపేశావు. ఆ ఐదింట్లో నాగ్ కూడా ఉంది గదా. దాని తుది యూజర్ ట్రయల్ పోఖ్రాన్‌లో 2020 అక్టోబర్ 22న జరిగింది. మొదలుపెట్టిన 37 ఏళ్ళకు. ఆకాశ్ 1990లో ఎగిరింది, ఆర్మీలో చేరింది 2015 మేలో. త్రిశూల్ అయితే టెక్నాలజీ ప్రదర్శనగానే ముగిసిపోయింది. ఎగరడం మనకు బాగా వచ్చు. ఎగిరిన రోజుకూ, రెజిమెంటుకు ఇచ్చే రోజుకూ మధ్య ఉన్న దూరాన్నే నేను అడుగుతున్నా.

చిన్నాయన: నాగ్ ఆలస్యాన్ని మేనేజ్‌మెంట్ నెత్తిన రుద్దితే నేను ఒప్పుకోను. అది ట్యాంకు వేడిని చూసి పోయే క్షిపణి. మే నెల మధ్యాహ్నం రాజస్థాన్ ఎడారిలో ఇసుకా వేడే, ట్యాంకూ వేడే. రెండింటి వేడీ దగ్గర దగ్గరైతే గురిని వెతికే సీకర్‌కు ట్యాంకు కనబడదు. దాన్ని విడదీసి చూపే సెన్సార్‌ను ఎవురూ సులువుగా మనకు అమ్మరు. మనమే చేసుకోవాల. దాన్ని ఏ చార్టు తొందరపెడుతుంది? ఆకాశ్ సంగతీ అంతే. ప్రహ్లాద రామారావు అంతటి ప్రాజెక్టు డైరెక్టర్ ఏళ్ళకేళ్ళు దాని మీద కూర్చున్నాడు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో అది అక్కరకొచ్చింది గదా.

అమ్మాయి: సెన్సార్‌ను నేనూ తొందరపెట్టలేను. కానీ మే నెల మధ్యాహ్నం కాల్చేవాడిని మొదటి ఏడాది నుంచే పక్కన కూర్చోబెట్టుకుంటే, మన లెక్కలో లేని ప్రశ్న అతనే లేపుతాడు. ఇంకో సంగతి. భుజం మీద పెట్టుకొని కాల్చే ట్యాంకు విధ్వంసక క్షిపణిని 2019 సెప్టెంబర్ 11న ఇక్కడే, మన కర్నూలు రేంజ్‌లోనే విజయవంతంగా కాల్చారు. 2024 ఏప్రిల్‌లో పోఖ్రాన్‌లో ఇంకా దాని పరీక్షలే జరుగుతున్నాయి. అదే బ్రహ్మోస్ చూడు. 1998 ఫిబ్రవరిలో రష్యాతో ఒప్పందం, 2001 జూన్ 12న మొదటి ప్రయోగం.

చిన్నాయన: బ్రహ్మోస్‌కు రష్యా వాళ్ళ దగ్గర ముందే ఒక క్షిపణి ఉండె. పునాది ఉన్న ఇంటినీ, బీడు భూమినీ పక్కపక్కన పెట్టి ఎవురు ముందు కట్టినారంటే ఎట్ల?

అమ్మాయి: సరే, ఆ పోలిక వదిలేస్తా.

చిన్నాయన: ఇంకొకటి. వాడేవాడిని పక్కన కూర్చోబెట్టుకోమంటావు. సైన్యం ముందు తనకేం కావాలో రాసిస్తుంది. అవసరం ఉందని పైన ఒప్పుకుంటారు. టెండర్ వస్తుంది. సాంకేతిక పరిశీలన, ఫీల్డ్ ట్రయల్స్, బేరం, అప్పుడు కాంట్రాక్టు. 2020 అక్టోబర్‌లో వచ్చిన కొనుగోలు పద్ధతి ఇదే. టెండర్ నడిచేటప్పుడు ఒక కంపెనీ మనిషి పోయి జవాన్లతో మాట్లాడి వస్తే రెండో కంపెనీ ఊరుకుంటుందా? ఆ అడ్డు ఊరికే కట్టలే. బోఫోర్స్ కుంభకోణం చూసినంక కట్టినారు.

అమ్మాయి: ఆ అడ్డు తీసేయమనడం లేదు. టెండర్‌కు ముందూ, కాంట్రాక్టు తర్వాతా కలవొచ్చు గదా. 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఐడెక్స్ అందుకే. సైన్యం తన సమస్యను బయట పెడుతుంది, స్టార్టప్‌లు పోటీ పడతాయి, గెలిచినవాళ్ళు సైన్యం వాళ్ళతో మాట్లాడుతూనే నమూనా చేస్తారు. ఒకటి చెప్తా విను. చేతిలో పట్టుకునే మ్యాపు పరికరం ఒకటి అనుకో. ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. దాన్ని చలి ప్రాంతంలో ఒక హవల్దారుకు ఇస్తే మొదట గ్లవ్ విప్పుతాడు. ఎందుకంటే మనం పెట్టిన బటన్ గ్లవ్ వేసుకున్న వేలికి పలకదు. రాత్రి ఆన్ చేస్తే స్క్రీన్ వెలుగు అతని ముఖం మీద పడుతుంది. చీకట్లో ఆ ముఖం ఎంత దూరం నుంచి కనబడుతుందో అతనికి తెలుసు, మనకు తెలియదు. 200 పేజీల అవసరాల పత్రంలో ‘రాత్రి వాడదగినది’ అని ఒక లైను ఉండే ఉంటుంది. ఆ లైను దగ్గర టిక్కు కూడా పడే ఉంటుంది.

చిన్నాయన: ఆ టిక్కు పెట్టింది నాలాంటోడు కాదు. మా దగ్గర జేఎస్ఎస్ 55555 అని ఒక ప్రమాణం ఉండాది. ఎలక్ట్రానిక్ పరికరాన్ని కాల్చే వేడిలో పెడతాం, వణికిస్తాం, దుమ్ములో పెడతాం, ఉప్పుగాలి పట్టిస్తాం, బూజు పట్టే తేమలో వారాలు ఉంచుతాం. లోపల స్క్రూ బిగించినంక దాని తల మీద నుంచి పక్క లోహం మీదికి ఒక ఎర్ర గీత గీస్తాం, లక్కతోనో పెయింటుతోనో. వణికించినంక మూత తీసి చూస్తే, స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలై ఉంటుంది. బిగించినోడు ఎంత పెద్ద ఇంజనీరైనా గీత ముందర మాట్లాడేది ఉండదు. మీ సాఫ్ట్‌వేర్‌లో అట్లాంటి గీత యాడుండాది? రెండు వారాలకొకసారి కొత్త వెర్షన్ అంటారు. పోయిన వెర్షన్‌లో ఏది కదిలిందో మీకే తెలియదు.

అమ్మాయి: ఉంది చిన్నాయనా. రాసిన ప్రతి లైనుకూ ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఏ కారణానికి అనే లెక్క ఉంటుంది. ప్రతి మార్పుకూ పాత పరీక్షలన్నీ మళ్ళీ నడుస్తాయి. నీ ఎర్ర గీత లాంటిదే. కాకపోతే మా పరీక్షలు మేం ఊహించిన పరిస్థితులకే. ఊహించనిదాన్ని ఏ పరీక్షా పట్టుకోదు. దహ్రాన్ సంగతి తెలుసు గదా.

చిన్నాయన: పేట్రియాట్‌దా? మా ట్రైనింగ్‌లో చెప్పేవాళ్ళు. 1991 ఫిబ్రవరి 25, సౌదీ. ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి వచ్చి అమెరికన్ బ్యారక్ మీద పడింది. 28 మంది చచ్చిపోయినారు. అడ్డుకోవాల్సిన పేట్రియాట్ బ్యాటరీ ఆన్‌లోనే ఉండె, ఒక్కటీ కాల్చలా. గడియారం తప్పింది. సెకనులో పదో వంతును లెక్కపెట్టే తీరులోనే చిన్న తరుగు. గంటలు గడిచేకొద్దీ ఆ తరుగు పేరుకుంది. 100 గంటలు నడిచేసరికి సెకనులో మూడో వంతు తేడా. అంత సేపట్లో స్కడ్ అర కిలోమీటరు పైనే పోతుంది. రాడార్ క్షిపణి లేని చోట వెతుక్కుంటుండె. అందుకే అంటున్నా, ఒకసారి 100 గంటలు నడిపి చూసింటే తనిఖీలోనే దొరికేది.

అమ్మాయి: 100 గంటలు నడుపుతారని ఎవరూ అనుకోలేదు. అది చోటు మారుతూ, కొన్ని గంటలు మాత్రమే పనిచేసే యంత్రంగా తయారైంది. దహ్రాన్‌లో దాన్ని ఒకే చోట ఆపకుండా నడిపారు. నీ తనిఖీ పత్రం కాంట్రాక్టును బట్టే తయారవుతుంది గదా. కాంట్రాక్టులో లేని 100 గంటలు పత్రంలోకి ఎట్లా వస్తాయి? ఇంకా ఉంది. ఫిబ్రవరి 11నే ఇజ్రాయెల్ వాళ్ళు తమ లెక్కలు పంపారు, ఎక్కువసేపు నడిస్తే గురి జరుగుతోందని. 16న సరిచేసిన సాఫ్ట్‌వేర్ తయారైంది. 21న బ్యాటరీలకు ఒక సందేశం వెళ్ళింది: చాలా ఎక్కువసేపు నడిపితే తేడా రావచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది అని. ‘చాలా ఎక్కువసేపు’ అంటే ఎన్ని గంటలో అందులో లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. ఒకటి, ఒకటిన్నర నిమిషం పని. ఆ ముక్క చెప్పినవాళ్ళు లేరు. కొత్త సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న.

చిన్నాయన: మరుసటి రోజు.

అమ్మాయి: అవును. అంటే తప్పు తెలుసు, మందు తయారు. ఎనిమిది గంటలకొకసారి ఆపి ఆన్ చేయండి అనే వాక్యం ఒక్కటి ముందు పోయి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం ఎవరు రాయాలి? డిజైనర్ తన దిద్దుబాటులో మునిగి ఉన్నాడు. తనిఖీ వాళ్ళ దగ్గరికి అది ఇంకా రాలేదు. బ్యాటరీ దగ్గర ఉన్నవాడికి తెలియదు. నా కుర్చీ ఎందుకని అడిగావు గదా, ఆ వాక్యం రాయడానికి.

ఇక్కడ రాస్తున్నవాడిగా నా మాట ఒకటి. ఈ ఒక్క ఘటన నుంచి చిన్నాయన ‘పరీక్ష చాల్లేదు’ అని తీస్తున్నాడు, ఆ పిల్ల ‘మాట చేరలేదు’ అని తీస్తోంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 1992లో ఇచ్చిన నివేదిక చదివితే నాకు ఆమె పక్షమే బలంగా తోస్తుంది. లోపం ముందే బయటపడింది కాబట్టి. అయితే ఆమె వాదంలో ఆమె దాటేసిన చోటు ఒకటుంది. చిన్నాయన దాన్ని వదల్లేదు.

చిన్నాయన: వాక్యం రాస్తావు, బాగుంది. రాసింది తప్పయితే? కొత్త సాఫ్ట్‌వేర్ కోసం తొందరపెట్టి, అది ఇంకో చోట చెడితే? సంతకం ఎవురిది? మా కాలంలో తిరస్కరించినా, ఆమోదించినా కింద నా పేరుండేది. ఇరవై ఏళ్ళ తర్వాత అడిగినా దొరుకుతా. కన్సల్టెంటు సలహా ఇచ్చి ఇంకో క్లయింటు దగ్గరికి పోతాడు. ఒక రాడార్, ఒక లాంచర్ 30 ఏళ్ళు నడుస్తాయి. మీ పిల్లోళ్ళు ఒక కంపెనీలో రెండేండ్లు ఉంటే గొప్ప. దాంట్లో వాడిన చిప్పు పన్నెండో ఏట మార్కెట్లో దొరక్కపోతే ఎవుర్ని అడగాల?

అమ్మాయి: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సోర్స్ కోడ్, డ్రాయింగులు క్లయింటు చేతికి రావాలని కాంట్రాక్టులోనే రాయిస్తాం. దొరకకుండా పోయే చిప్పుల పట్టీ ఏటా చూస్తాం. కానీ మనుషులు మారడం నిజం. ఈ రంగంలో అది ఇంకా నొప్పి. కొత్తవాడిని తెచ్చి రేపు కూర్చోబెట్టలేం. గేటు దగ్గర ఫోన్ పెట్టి లోపలికి పోవాలి. లోపలి కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండదు. చిన్న అప్‌డేట్ అయినా డిస్కులో వేసి, స్కాన్ చేయించి, రిజిస్టర్‌లో రాసి, తోడు మనిషితో తీసుకుపోవాలి. మనిషి మీద విచారణ పూర్తయ్యేదాకా ఆ గదిలోకే రానివ్వరు. అమెరికాలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు. కానీ అక్కడి ఆయుధ ఎగుమతి నిబంధనల వల్ల వీసా మీద ఉన్నవాళ్ళకు రక్షణ ప్రాజెక్టు డ్రాయింగు చూపించాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. ఏ దేశంలోనైనా ఈ పనికి మనుషులు మెల్లగానే దొరుకుతారు.

చిన్నాయన: అందుకే సర్కారు జీతం మీద ఉండేవాళ్ళే చేయాల అనేది. ఇంకొకటి, మీ బిల్లుల పద్ధతి. మైల్‌స్టోన్ అని పెడతారు. డిజైన్ పత్రం ఇస్తే ఇంత, టెస్ట్ ప్లాన్ ఇస్తే ఇంత. మార్చి నెల వస్తే చాలు, బడ్జెట్ ల్యాప్స్ కాకూడదని పత్రాలు కట్టలు కట్టలు వస్తాయి. వస్తువు మాత్రం రాదు. నేను కండ్లారా చూసినా.

అమ్మాయి: నేనూ చూస్తున్నా. అందుకే నేను నడిపే పనిలో పెద్ద మొత్తాలు పత్రం మీద కాక, వాడేవాడి ముందు పని చేసి చూపించినప్పుడే విడుదల కావాలని పట్టుబడతా. మా ఫైనాన్స్ వాళ్ళకు అది ఇష్టం ఉండదు. ఇంకొక పక్క చిన్న వర్క్‌షాపులు. బాలానగర్‌లో ఐదారుగురితో నడిచే షెడ్డు ఒక బ్రాకెట్ చేసిస్తుంది. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 చట్టంలోనే ఉంది. పైనుంచి డబ్బు రాలేదని మధ్యలో పెద్ద కంపెనీ ఆపితే, ఆ షెడ్డు వాడు నీ ఎర్ర గీత కోసం ఇంకో వారం ఓపిక పట్టలేడు. పని చెడేది అక్కడ. నెలనెలా రివ్యూలో నేను మొదట అడిగేది షెడ్యూల్ కాదు, ఎవరికి డబ్బు ఆగింది అని.

చిన్నాయన: ఇది నాకు నచ్చింది. మేమెప్పుడూ ఆ మాట అడగలా. సరుకు బాగలేదని తిప్పి పంపేవాళ్ళం, వాడి పరిస్థితి మాకు పట్టేది కాదు.

అమ్మాయి: పట్టాల్సింది నీకు కూడా కాదు. అదొక్కరి పనిగా ఉండాలి.

చిన్నాయన: అయినా సలహాదారులు ఉన్నచోటల్లా బాగా నడిచిందా? బ్రిటన్‌లో అజాక్స్ అని సాయుధ వాహనాలు. 589 బండ్లు, 550 కోట్ల పౌండ్లు. వాళ్ళ రక్షణ శాఖ చుట్టూ సలహాదారులకు కొదవలేదు. ట్రయల్స్‌లో లోపల కూర్చున్న సైనికుల చెవులు పోయినాయి, కీళ్ళు వాచినాయి.

అమ్మాయి: ఆ కథ నా పక్షానే సాక్ష్యం చెప్తుంది. మోత ఎక్కువగా ఉందని, వణుకు ఎక్కువగా ఉందని కింద తెలుసు. 2023లో వచ్చిన విచారణ నివేదిక ఏం చెప్పిందంటే, ఆ కబురు పై వాళ్ళకు సరైన టైములో చేరలేదని. మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా కాస్త నున్నగా చేసి పైకి పంపితే ఇట్లాగే అవుతుంది. రిపోర్టులో ఎరుపు కాస్తా పసుపవుతుంది, పసుపు ఆకుపచ్చవుతుంది. రిపోర్టు రంగు మార్చేవాడు డెలివరీ హెడ్ అయితే నువ్వన్నట్టు ఆ కుర్చీ దండగ. నేను ఒప్పుకుంటా.

చిన్నాయన: మరి నువ్వు ఎరుపును ఎరుపుగానే పంపుతావా? క్లయింటు కల్నల్‌కు కోపం వస్తే? మీ కంపెనీకి రెండో కాంట్రాక్టు రాకపోతే?

అమ్మాయి: పంపుతా. మా కంపెనీలో అందరూ పంపుతారని మాత్రం చెప్పలేను. ఆ భయం జీతం ఎక్కడ తీసుకున్నా ఉంటుంది చిన్నాయనా. సర్కారులో ప్రమోషన్ భయం, మా దగ్గర కాంట్రాక్టు భయం. రెండు వైపులా ఉన్న భయాన్ని తగ్గించేది ఒకటే, చెడు కబురు తెచ్చినవాడిని శిక్షించని పై అధికారి. అటువంటివాడు దొరికిన ప్రాజెక్టు నడుస్తుంది.

చిన్నాయన: అట్లాంటోడు దొరకడం అదృష్టం మీద ఉంటే అది పద్ధతి కాదు. నా తీర్పు నాదే కావాల, అది ప్రాజెక్టు డైరెక్టర్ కింద ఉండకూడదు. తనిఖీ విభాగాన్ని వేరే గొడుగు కింద పెట్టింది అందుకే. మీ రిపోర్టు కూడా అట్లనే రెండు దార్లలో పోవాల. ఒకటి క్లయింటుకు, ఒకటి తనిఖీ వాళ్ళకు నేరుగా, అదే రోజు, ఒక్క అక్షరం మారకుండా. అప్పుడు నీ కల్నల్ కోపం నిన్ను ఏం చేయదు.

అమ్మాయి: అది మా కాంట్రాక్టుల్లో లేదు. పెట్టించొచ్చు. పెట్టించడానికి ప్రయత్నిస్తా.

చిన్నాయన: సరే, ఈ ఊరి సంగతి చెప్పు. ఓర్వకల్లును పారిశ్రామిక కారిడార్‌లో పెట్టి 2024 ఆగస్టులో కేంద్రం ఒప్పుకుంది. 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటుండారు. రేంజ్ ఉండాది, విమానాశ్రయం ఉండాది. వానలు తక్కువ పడే నేల. భూములు పోయినోళ్ళ పిల్లోళ్ళకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం తప్ప ఏం మిగులుతుంది?

అమ్మాయి: తయారీలో చాలా ఉద్యోగాలు శాస్త్రవేత్తలవి కావు. వైరింగ్ చేసేవాళ్ళు, టెస్ట్ బెంచీ నడిపేవాళ్ళు, ఏ వెర్షన్ ఎక్కడుందో రికార్డు పెట్టేవాళ్ళు. డిప్లొమా చాలు, చేతికి నిదానం ఉండాలి. జగన్నాథగట్టు మీద ఐఐఐటీ ఉంది. కర్నూలు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. నువ్వు చెప్పిన పరీక్షల పేర్లు వాటిలో ఎంతమంది పిల్లలు విని ఉంటారు?

చిన్నాయన: పుస్తకంలో ఉంటే విని ఉంటారు. ఎర్ర గీత పుస్తకంలో ఉండదు. నన్ను పిలిస్తే పోయి చెప్తా. కాకపోతే మొదట తనిఖీ నేర్పాల. చెడిపోయిన వస్తువును వాళ్ళ చేతికిచ్చి, యాడ చెడిందో పట్టమనాల. సాఫ్ట్‌వేర్ తర్వాత.

అమ్మాయి: మొదట వాడేవాడి దగ్గరికి తీసుకుపోవాలంటాను నేను. కర్నూలులో రిటైరైన సుబేదార్లు, హవల్దార్లు ఎంతమంది లేరు? ఒకరిని క్లాసులోకి తెచ్చి, మీరు వాడిన పరికరాల్లో మిమ్మల్ని ఎక్కువ సతాయించింది ఏది అని అడిగితే చాలు. ఆ పిల్లలు తయారు చేసే మొదటి వస్తువే వేరుగా ఉంటుంది.

చిన్నాయన: సతాయించింది ఏదో వాడు చెప్తాడు. ఎందుకు సతాయించిందో విప్పి చూసినోడికే తెలుస్తుంది. ముందు విప్పడం రావాల.

అమ్మాయి: ఏది విప్పాలో తెలియాలి గదా ముందు.

చిన్నాయన: ప్రిన్సిపాల్‌కు నువ్వు ఉత్తరం రాయి. ఇద్దరి పేర్లూ పెట్టు. ఏది ముందో ఆయన్నే తేల్చమందాం.